కుప్పం దారిలో ఫ్రీటౌన్ మాటలు

ఆదివారం, తిరుపతి

తెల్లవారేసరికి రైలు దిగాం. నాతో వచ్చినావిడ సియెర్రా లియోన్ ప్రభుత్వంలో చెల్లింపులు చూసే అధికారి. పేరు వేయొద్దని అడిగింది కాబట్టి వేయడం లేదు. విదేశీ అధికారుల కోసం మన ప్రభుత్వం 1964 నుంచి నడుపుతున్న ఐటెక్ శిక్షణకు హైదరాబాదు వచ్చింది. నేను జీతాల చెల్లింపు సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, అక్కడ ఒక పాఠం చెప్పడానికి వెళ్లినప్పుడు పరిచయం. శిక్షణ అయ్యాక ఆమె అడిగింది ఒకటే: "తెర మీద బొమ్మలు చాలా చూశాను. డబ్బు మనిషి చేతిలో పడే చోటు చూపిస్తారా?" మా అమ్మమ్మ ఊరు పాకాల దగ్గర. ఒకటో తేదీ లోపల కుప్పం చేరితే పింఛన్ల పంపిణీ చూడొచ్చు. అలా కుదిరింది ఈ ప్రయాణం.

స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం. సర్వదర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనం దుప్పట్లు మడుస్తున్నారు. ఆధార్ చూపిస్తే ఫొటో తీసి, ఏ వేళకు రావాలో చీటీ మీద అచ్చేసి ఇస్తారు. గద్వాల నుంచి వచ్చిన ఒక కుటుంబం చీటీ చూసుకుని, "ఇంక రాత్రి దాకా పండుకోవచ్చు" అని చెట్టు నీడకు నడిచింది. ఆమె వాళ్ల వెనకే కాసేపు చూస్తూ నిలబడింది. రాజ్యం మీద నమ్మకం అంటే ఏమిటని హైదరాబాదులో ఎవరో అడిగితే ఆమె చెప్పలేకపోయిందట. ఇప్పుడు చెప్పింది: "తన వంతు వస్తుందని తెలిసినవాడు నిద్రపోతాడు."

చీటీలు సరిపోకపోతే ఏమవుతుందని అడిగింది. దాచడం నాకిష్టం లేదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఇదే ఊళ్లో జనం ఎగబడి తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారని చెప్పాను. టోకెన్లు పంచే పద్ధతి ఉంది, కంప్యూటర్లున్నాయి. తన దాకా అందుతుందన్న భరోసా మాత్రం ఆ రాత్రి జనానికి లేకపోయింది.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. బస్టాండు వైపు నడుస్తుంటే వాళ్ల దేశంలోని కెనెమా అనే ఊరి సంగతి ఎత్తుకుంది.

1991 నుంచి 2002 దాకా వాళ్ల దేశంలో అంతర్యుద్ధం. దాన్నుంచి తేరుకుంటుంటే 2014లో ఎబోలా వచ్చిపడింది. ఆ రోగంలో వాళ్ల దేశం దాదాపు నాలుగు వేల మందిని పోగొట్టుకుంది. శవాలు మోసేవాళ్లకు, నర్సులకు, ఇంటింటికీ తిరిగి రోగుల్ని గుర్తించేవాళ్లకు వారం వారం ప్రమాద భత్యం ఇస్తామన్నారు. నగదు మూటలు కట్టి జిల్లాలకు పంపారు. కొందరికి రెండుసార్లు ముట్టింది, కొందరి పేర్లు జాబితాలోనే లేవు, చాలామందికి నెల దాటినా రాలేదు. 2014 నవంబరులో కెనెమాలో పూడ్చే పని చేసేవాళ్లు జీతం రాలేదన్న కోపంతో శవాలను ఆసుపత్రి ముందు, దారిలో వదిలేసి వెళ్లిపోయారు. ఎబోలా శవం తాకితే అంటుకుంటుంది. జీతం ఆలస్యమైతే రోగం పాకుతుందని అంతకంటే సూటిగా చెప్పలేం.

ఆ తర్వాత చేసినది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పనివాళ్లందరి జాబితా ఒకటి తయారుచేశారు. ఒకరి పేరు రెండుసార్లు రాకుండా వేలిముద్రలు తీసుకుందామంటే, అందరూ ఒకే గాజు మీద వేలు పెట్టాలి, అదే రోగాన్ని పంచుతుంది. అందుకని ఫొటోలు తీసి, ముఖాలను పోల్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను స్థానిక కుర్రాళ్ల చేతనే పనికి పెట్టించారు. డబ్బు మొబైల్ ఖాతాలో వేశారు. నెల పైగా పట్టే చెల్లింపు వారానికి దిగింది. సమ్మెలు తగ్గాయి. మోసాలు, ఖర్చులు తగ్గి కోటి డాలర్లకు పైగా మిగిలిందని తర్వాత లెక్కగట్టారు.

"ఇది మా దేశంలో కంప్యూటర్ చేసిన మంచి పనుల్లో పెద్దది" అంది. "అయితే జాబితా తప్పని వచ్చినవాడి మాట వినడానికి ప్రతి జిల్లాలో ఒక బల్ల, ఒక మనిషి ఉండేవాళ్లు. ఆ సంగతి నివేదికల్లో ఒక్క వాక్యం."

ఆ ఒక్క వాక్యం ఈ ప్రయాణమంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

సోమవారం, సూళ్లూరుపేట

కుప్పానికి ఇది ఎదురు దిక్కు. అయినా శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉందని చెప్పేసరికి చూద్దామంది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లాం. ఉపగ్రహ ప్రయోగ కేంద్రం లోపలికి అనుమతి లేదు, అడగనూ లేదు. పులికాట్ సరస్సు మధ్య నుంచి పోయే రోడ్డు మీద ఒక పక్కగా బండి ఆపుకున్నాం. ఎండాకాలం కదా, నీళ్లు ఇంకిపోయి నేల ఉప్పు పొరతో మెరుస్తోంది. పక్షులు వెళ్లిపోయాయి.

2017 మే 5న ఈ తీరం నుంచే జీశాట్-9 పైకి వెళ్లింది. దక్షిణాసియా ఉపగ్రహం అన్నారు దాన్ని. పొరుగు దేశాల దూరవిద్యకు, వైద్యానికి, విపత్తు సమయాల్లో సంబంధాలకు మన దేశం ఇచ్చిన కానుక. పాకిస్తాన్ వద్దంది. ప్రయోగం సాయంత్రం వీడియోలో మాట్లాడిన పొరుగు దేశాధినేతల్లో ఆఫ్ఘనిస్తాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ఒకరు. నాలుగేళ్లు గడిచాక, 2021 ఆగస్టు 15న ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. ఉపగ్రహం పైనే ఉంది, కింద రాజ్యం చేతులు మారింది.

ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక మంచి ప్రయత్నం కూడా జరిగింది. 2009లో వార్దక్ ప్రాంతంలో పోలీసుల జీతాలు మొబైల్ ఫోన్ ద్వారా ఇచ్చి చూశారు. మొదటి నెల చాలామంది కానిస్టేబుళ్లు జీతం పెరిగిందనుకున్నారు. పెరగలేదు, అంతకు ముందు దాకా పైవాళ్లు మధ్యలో నొక్కేస్తున్నారు, అంతే. ఒక కమాండరైతే కిందివాళ్ల ఫోన్లు, పిన్ నంబర్లు లాక్కుని ఏజెంటు దగ్గర వాళ్ల జీతాలు తానే తీసుకోబోయాడు. నిండు జీతం అందుకున్న పోలీసు ఊళ్లో వసూళ్లకు తక్కువ దిగుతాడు. సుస్థిరత అని పెద్ద మాటలు వాడే చోట ఇలాంటి చిన్న సంగతుల్ని ముందు పెట్టాలని నా అభిప్రాయం.

అదే దేశంలో రెండో వైపు కూడా ఉంది. అమెరికా సైన్యం అక్కడ లక్షలాది మంది కంటిపాపలు, వేలిముద్రలు చేతి యంత్రాల్లో తీసుకుంది. కాబూల్ కూలిన వారం ఆ యంత్రాల్లో కొన్ని తాలిబన్ల చేతికి చిక్కాయని వార్తలొచ్చాయి. ఎవరెవరు పాత ప్రభుత్వానికి పనిచేశారో తెలిపే జీతాల రికార్డులూ అక్కడే మిగిలాయి. రోహింగ్యాల విషయంలోనూ అంతే. బంగ్లాదేశ్ శిబిరాల్లో సాయం కోసమని తీసుకున్న వివరాలు, వాళ్లు ఎవరి చేతిలోంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చారో ఆ మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే హక్కుల సంస్థ 2021లో బయటపెట్టింది.

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంటూ అడిగింది: "మీ సాఫ్ట్‌వేర్‌లో తెగ, మతం, పుట్టిన ఊరు అడిగే గడులున్నాయా?" ఉన్నాయి, కొనే సంస్థ కావాలంటుంది. "మా దగ్గర ఊరి పేరు చెబితే ఏ పార్టీకి ఓటేస్తాడో తెలిసిపోతుంది. జీతం ఇవ్వడానికి అది అక్కర్లేదు." నా పని మీద నాకున్న గౌరవం తగ్గకుండానే ఒప్పుకుంటాను, ఇలాంటి దేశాల్లో ఏం సేకరించాలో కంటే ఏం సేకరించకూడదో తెలిసిన ఇంజనీరే ఎక్కువ అవసరం. రేపు ఈ జాబితా ఎవరి చేతికి పోతుందో అని ఊహించి రాయాలి గడులను.

సాయంత్రం శ్రీకాళహస్తిలో కాఫీ తాగి తిరుపతి చేరాం.

మంగళవారం, కాణిపాకం

చంద్రగిరి కోట బయట నుంచే చూశాం. గాదంకి దగ్గర వాతావరణ పరిశోధనశాల రాడార్ ఉన్న చోటని చెబితే తల ఊపింది, ఎండ మండిపోతోంది. దామలచెరువులో మామిడి బండ్లు మొదలయ్యాయి. అమ్మమ్మ ఊళ్లో అన్నం తిన్నాం. మా పిన్నమ్మ ఆమెకు రాగిసంకటి ఎలా మింగాలో నేర్పింది. వాళ్ల ఊళ్లో కసావా (కర్రపెండలం) పిండితో చేసే ఫుఫు కూడా నమలకుండా మింగేదేనట, ఇక నేర్పాల్సిన పని లేకపోయింది.

కాణిపాకం చేరేసరికి మూడయింది. వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం అంటే ఈ జిల్లాలో ఇప్పటికీ మాటలు కాదు. అప్పు తగాదాలు, దొంగతనం అనుమానాలు, రాజకీయ నాయకుల సవాళ్లు కూడా "కాణిపాకం వస్తావా?" అన్న దగ్గర ఆగుతాయి. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధం చెప్పేవాడు అరుదని నమ్మకం. టెంకాయలు అమ్మే ఆయన్ని అడిగితే, "ఈడ దాకా రానీకే బయపడతారు నా చెల్లా, సగం తగాదాలు దావలోనే తెగిపోతాయి" అన్నాడు.

సాక్ష్యం అన్న విషయం మీద ఆమెకూ నాకూ ఇక్కడ చాలాసేపు వాదన నడిచింది. కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత చెలరేగిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వార్తా ప్రసారాల మీద ఆంక్షలు పెట్టారు. అప్పుడు ఓరీ ఒకొల్లో అనే న్యాయవాది పిలుపు మీద కొందరు ప్రోగ్రామర్లు రోజుల వ్యవధిలో ఉషాహిది అనే వేదిక కట్టారు. ఎక్కడ ఏం జరిగిందో జనం పంపితే మ్యాపు మీద పడుతుంది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు అదే పనిముట్టు సాయపడింది. 4636 అనే నంబరుకు జనం క్రియోల్‌లో ఎస్ఎంఎస్‌లు పంపితే, దేశదేశాల్లో ఉన్న హైతీ వాళ్లు వాటిని ఇంగ్లీషులోకి మార్చి సహాయ బృందాలకు అందించారు. మంచి చెడ్డలు రెండింటికీ దారి ఒకటే. కెన్యాలో అవే ఫోన్లలో పక్క తెగను కొట్టమనే ఎస్ఎంఎస్‌లూ తిరిగాయి. ప్రభుత్వం ఎస్ఎంఎస్‌లు ఆపేద్దామనుకుంటే అక్కడి ఫోన్ కంపెనీ సఫారికామ్ అధిపతి మైకేల్ జోసెఫ్ ఆపవద్దని చెప్పి, శాంతి కోరే సందేశాలు అందరికీ పంపే ఏర్పాటు చేశాడు.

నా వాదన: వచ్చిన సమాచారం ఎంత ఎక్కువైతే నిజం అంత తేలుతుంది. ఆమె ఒప్పుకోలేదు. యుద్ధం చూసిన ఊళ్లో వదంతి వల్ల ఇళ్లు తగలబడతాయి, పది మంది ఒకే అబద్ధం పంపినా అది అబద్ధమే అంది. "ఇక్కడ నిలబడి చెప్పేవాడిని ఊరంతా ఎరుగుదురు. ఫోన్లో పంపినవాడిని ఎవరు ఎరుగుదురు?" అని అడిగింది. మయన్మార్‌లో 2017లో రోహింగ్యాల మీద ద్వేషం నింపడంలో ఫేస్‌బుక్ పాత్ర ఏమిటో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తర్వాత చెప్పింది. బర్మీస్ చదవగలిగిన పర్యవేక్షకులు చాలినంత మంది లేకపోవడం అక్కడ పెద్ద లోపం. ఆమె పక్షమే సరైనదని నాకు తోచింది. మ్యాపు మీద చుక్క పెట్టే ముందు ఆ ఊరి భాష వచ్చిన మనిషి ఒకరు చదవాలి. హైతీలో చదివారు.

రాత్రి బస చిత్తూరులో.

బుధవారం, కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా ఎక్కుడు దిగుడు దారి. మొగిలి ఘాటు దాటాక గాలి చల్లబడింది. కుప్పంలో కొట్టువాడు ఒక్క బేరంలోనే తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాడు. వాళ్ల రాజధాని ఫ్రీటౌన్ బజారులో క్రియో, మెండే, టెమ్నే కూడా ఇలాగే కలిసిపోతాయట.

ఈ ఊరికి ఆమెను తీసుకురావడానికి పింఛన్లు ఒక్కటే కారణం కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మూడేళ్ల గడువుతో ఇక్కడ ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు, కంప్యూటర్లున్న బండి తిప్పారు. పొదుపు సంఘాల ఆడవాళ్లలో కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌర పలక ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పారు. రేషన్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, పింఛను దరఖాస్తుకు ఫొటో కావాలంటే అంతకు ముందు కూలి పోగొట్టుకుని టౌనుకు రావాలి. వీళ్లు ఊళ్లోకే వచ్చి నిమిషాల్లో తీసిచ్చేవాళ్లు. పెళ్లిళ్లకూ పిలిచేవాళ్లు.

పాతపేటలో ఒక పొదుపు సంఘం నాయకురాలికి ఆ రోజులు బాగా గుర్తు. "కెమెరా మెడలో ఏస్కోని పోతా ఉంటే సర్పంచి గూడా నిలబడి దండం పెట్టేవోడు" అంది. తర్వాత ఏమైందంటే, ప్రింటరు కాగితం, సిరా ఇక్కడ దొరకడం మానేసింది. గడువు ముగిసింది. ఈలోగా సెల్‌ఫోన్లలోకే కెమెరాలొచ్చాయి. కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. "మాకు నేర్పిన పని మాత్రం మాతోనే ఉండిపోయిందమ్మా, బ్యాంకు లెక్కలు ఇప్పటికీ మేమే కంప్యూటర్లో రాసుకుంటాం."

ఆమె ఎక్కువ ప్రశ్నలు అడిగింది సిరా గురించి. ఎంత ఖరీదు, ఎక్కడి నుంచి వచ్చేది, ఆర్డరు ఎవరు పెట్టేవాళ్లు. దాతల డబ్బుతో వచ్చే ప్రతి పథకంలో యంత్రాల ఖర్చు రాస్తారు, నాలుగో ఏట సిరా ఎవరు కొంటారో రాయరని ఆమె అనుభవం. బలహీనమైన రాజ్యంలో మూతపడిన కేంద్రం మామూలు నష్టం కాదు. మళ్లీ ఎవరైనా వచ్చి ఇదిగో కొత్తది అంటే జనం ముఖం తిప్పుకుంటారు.

గురువారం, ఒకటో తేదీ

ఆరు గంటలకే సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్ బండి మీద బయల్దేరాడు. వెనకాల ఆటోలో మేము. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, సిబ్బందే ఇంటికి తెచ్చి ఇవ్వాలి. అతని భుజాన సంచిలో నగదు, చేతిలో ఫోను, వేలిముద్ర మెషిను.

మొదటి ఇళ్లు చకచకా అయిపోయాయి. వేలు పెట్టడం, పచ్చ గుర్తు, ఎనిమిది ఐదు వందల నోట్లు. గుట్ట కింద పల్లెలో ఒక అవ్వకు వేలు పడలేదు. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడం చెయ్యి. "యాభై ఏండ్లు చింతపండు కొట్టినా గదా నాయనా, ఏళ్లు అరిగిపోయినాయి." ముఖం ఫొటోతో ప్రయత్నిద్దామంటే సిగ్నల్ పోయింది. అతను ఫోను ఎత్తి పట్టుకుని గుట్ట వైపు కాస్త ఎక్కాడు, దిగాడు. చివరికి అవ్వనే నాలుగడుగులు పైకి నడిపించి రాతి మీద కూర్చోబెట్టి ఫొటో తీశాడు. పడింది.

"పడకపోయింటే?" అని ఆమె అడిగింది, నేను తెలుగులో చెప్పాను. "సాయంత్రం మళ్లా వస్తా మేడం. అప్పటికీ పడకుంటే ఆఫీసులో చెప్పి చేపిస్తా. ఈయమ్మ నాకు తెలుసు, ఊరికే పోతానా?" ఒక నెల, రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారని కూడా చెప్పాడు.

నేను హైదరాబాదు నుంచి చెబుతూ వచ్చిన పరిశోధన అక్కడే ఆమెకు పూర్తిగా అర్థమైందనుకుంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ప్రభుత్వం ఉపాధి హామీ కూలికీ పింఛన్లకీ బయోమెట్రిక్ స్మార్ట్ కార్డులు పెడితే, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో ఫలితం కొలిచారు. 2016లో అచ్చయింది. ఉపాధి కూలి త్వరగా అందింది, దారిలో కారిపోయే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గింది, కార్డు వాడినవాళ్లలో పదింట తొమ్మిది మంది అదే బాగుందన్నారు. కానీ కార్డు ఇంకా చేతికి రాని వాళ్లకు పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు అలాంటి వెసులుబాటు కరువైంది. అదే పరిశోధకులు అక్కడ చూస్తే, కొందరు అర్హులు బియ్యం పోగొట్టుకున్నారు. యంత్రం ఒకే జాతిది, అది కాదన్నప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి ఉన్న అధికారం వేరు.

సూడాన్ సంగతి ఆమే ఎత్తింది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్తూమ్ వీధుల్లో కుర్రాళ్లు ఉమ్మడి వంటశాలలు నడిపారు. విదేశాల్లో ఉన్న బంధువులు, దాతలు బంకక్ అనే బ్యాంకు యాప్‌లో డబ్బు పంపేవాళ్లు. 2024 ఫిబ్రవరిలో నెట్‌వర్కులు ఆగిపోయేసరికి డబ్బు ఫోన్‌లోనే చిక్కుకుపోయి చాలా వంటశాలల్లో పొయ్యి వెలగలేదు. ఆ మార్చిలోనే ఐవరీ కోస్ట్ తీరం దగ్గర సముద్రగర్భ కేబుళ్లు దెబ్బతిని పశ్చిమాఫ్రికాలో చాలా దేశాలకు ఇంటర్నెట్ కుంటుపడింది. ఇక్కడ సిగ్నల్ లేని గుట్ట కింద ఈ మనిషి సంచిలో నోట్లున్నాయి.

పది గంటలకు సచివాలయానికి తిరిగొచ్చి కూర్చున్నాం. ఆమె తన పథకం కాగితాలు బయటికి తీసింది. వాటిలో మొదటి ఖర్చు మూడు వందల యంత్రాలు. దాన్ని కొట్టేసి కిందికి దించింది. పైన రాసింది: ప్రతి చీఫ్‌డమ్‌కు (సంప్రదాయ పెద్ద కింద ఉండే ప్రాంతం) ఒక చెల్లింపు మనిషి, ఆ ఊరి భాష వచ్చినవాడు, యంత్రం పడకపోయినా సంతకం పెట్టి ఇచ్చే అధికారం, చేతిలో కొంత నగదు.

ఆ నగదు దగ్గర ఆగిపోయింది. వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడగమంది: ఇంత డబ్బుతో ఒంటరిగా తిరుగుతావు, దారిలో ఎవరైనా కొట్టేస్తే? అతనికి ప్రశ్న వింతగా తోచింది. "ఈడ అంతా మనోళ్లే గదా" అన్నాడు. ఆమె ఊళ్లో యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట చెప్పగలిగే చోట్లు అన్నీ లేవు. అంత నగదు మోసేవాడికి తోడు కావాలి, తోడొచ్చేది పోలీసైతే ఆ పోలీసుకు ముందు జీతం సరిగా అందాలి. నేను మా సంస్థలో పోలీసు జీతాల భాగం ఎంత త్వరగా తయారు చేయగలమో లెక్కేసి చెప్పాను, ఆమె రాసుకుంది. తెగ, పుట్టిన ఊరు అడిగే గడులు తీసేసి పంపమని మళ్లీ గుర్తుచేసింది. బెంగుళూరు రైలుకు ఇంకా టైముంది, మిగతా పేజీలు మొదలుపెట్టాం.